పాపకి కరోనా టెస్టా? ముందు ఒడిలో ఎలా పట్టుకోవాలో చెప్తాను

గుణుపురం చెల్లెమ్మ రాసింది చదివాను. వాళ్ళాయనకి మొన్న పాజిటివ్ వచ్చింది. మూడున్నరేళ్ళ పాపకి రెండు రోజుల నుంచి జ్వరం, ఎనిమిదేళ్ళ బాబు బాగానే ఆడుకుంటున్నాడు, ఇంట్లో షుగర్ ఉన్న అత్తగారు. డాక్టరు గారు పాపకి టెస్ట్ చేయించమన్నారు. అత్తగారేమో "గుంటకి ముక్కులో పుల్ల పెట్టిస్తారేటి, మెదడుకి తగిల్తే ఎవులు చూస్తారు" అని ఒప్పుకోవడం లేదు. చేయించాలా వద్దా, నొప్పి ఉంటుందా, పావుగంటలో తేలే యాంటిజెన్ టెస్ట్ చాలా లేక ల్యాబుకి పంపే ఆర్టీపీసీఆరే కావాలా, మందుల షాపులో కిట్ తెచ్చుకుంటే సరిపోతుందా అని అడిగారు.

నేను ఒడిశాలో పర్లాకిమిడి వైపు ల్యాబ్ టెక్నీషియన్‌ని. 2020 వేసవి నుంచి ఇప్పటిదాకా, అంటే ఈ 2022 జనవరి దాకా శాంపిళ్ళు తీస్తూనే ఉన్నాను, పెద్దవాళ్ళవీ చంటిపిల్లలవీ కూడా. నాకూ ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి నాలుగేళ్ళప్పుడు టెస్ట్ చేయించాల్సి వచ్చింది, ఆ రోజు తల్లిగా నేను చేసిన తప్పు కింద చెప్తాను, అది మీరు చెయ్యకూడదనే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. పాపకి మలేరియా టెస్ట్ చేయించారా? చేయించకపోతే కరోనా కంటే ముందు అది చేయించండి, ఇవాళే. మన రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల్లో పిల్లకి జ్వరం వస్తే మొదట అడగాల్సింది అదే, కానీ ఈ రెండేళ్ళలో జ్వరం అనగానే అందరి కళ్ళూ ముక్కులో పుల్ల వైపే పోతున్నాయి. పోయిన వానాకాలంలో కొండ మీద ఊరి నుంచి ఒక తండ్రి ఆరేళ్ళ పిల్లాణ్ణి భుజం మీద ఎత్తుకుని మా దగ్గరికి వచ్చాడు. కరోనా నెగెటివ్ వచ్చింది. ఆ కాగితం చేతిలో పెట్టగానే ఆయన రెండు చేతులెత్తి దండం పెట్టి పిల్లాణ్ణి ఇంటికి తీసుకుపోయాడు, మేమూ పొమ్మన్నాం. మూడో రోజు వణుకుతో, ఒళ్ళు కాలిపోతూ తిరిగొచ్చాడు పిల్లాడు, చూస్తే ఫాల్సిపారం మలేరియా, మలేరియాల్లో ప్రమాదకరమైన రకం. బతికాడు, బాగున్నాడు, కానీ మధ్యలో పోయిన ఆ మూడు రోజులు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. మీ ఊళ్ళో ఆశా దీదీ దగ్గర కిట్ ఉంటుంది, సర్కారువాళ్ళు మలేరియా కోసం పెట్టే దమన్ క్యాంపుల్లో వేలికి గుచ్చి చుక్క రక్తం తీసి చూస్తారే, అదే. పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది, డబ్బు అక్కర్లేదు. నాన్నకి కరోనా ఉంది కదా పాపకీ అదే అయ్యుంటుందిలే అనుకోవద్దు, రెండూ కలిసి కూడా రావచ్చు.

ఇక కరోనా టెస్ట్. పాపకి జ్వరం ఉంది, ఇంట్లో పాజిటివ్ ఉంది, డాక్టరు గారు చెప్పారు, కాబట్టి చేయించండి. బాబుకి ఏ లక్షణమూ లేదు కనక వాడికి ఇప్పుడు అక్కర్లేదు. 2022 జనవరి 10న వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఇచ్చిన సలహా కూడా అదే, లక్షణాల్లేని కాంటాక్టులకి వయసు వల్లో వేరే జబ్బు వల్లో ప్రమాదం ఎక్కువుంటే తప్ప టెస్ట్ అవసరం లేదని. బాబుకి దగ్గో జ్వరమో మొదలైతే అప్పుడు చూడొచ్చు. కానీ అదే సలహా ప్రకారం మీ అత్తగారికి మాత్రం లక్షణాలు లేకపోయినా చేయించాలి, ఆవిడ వయసు, ఆవిడ షుగర్ రెండూ లెక్కలోకి వస్తాయి. పాపకంటే ఆవిడ గురించే నాకు ఎక్కువ బెంగగా ఉంది. పాపతో పాటు ఆవిణ్ణీ తీసుకెళ్ళండి, ముందు ఆవిడే కూర్చుంటే మనవరాలికి ధైర్యంగా ఉంటుందని చెప్పి ఒప్పించండి. ఇలా చెప్తే ఒప్పుకున్న నాయనమ్మల్ని, అమ్మమ్మల్ని చాలామందిని చూశాను. తన కోసమంటే కదలనివాళ్ళు పిల్ల కోసమంటే ముందుకొస్తారు.

మెదడుకి తగలడం గురించి అత్తగారికి ఇలా చెప్పండి. మీ ముక్కు కింద చూపుడు వేలు అడ్డంగా చెవి వైపు చూపించేలా పెట్టి చూడండి. పుల్ల వెళ్ళే దారి అదే. ముక్కు నేల మీదుగా తిన్నగా వెనక్కి, చెవి వైపు వెళ్తుంది, పైకి కళ్ళ వైపు వెళ్ళదు. మెదడు పైన ఉంటుంది, మధ్యలో ఎముక ఉంటుంది. ఎంత లోపలికి అంటే ముక్కు రంధ్రానికీ చెవికీ మధ్య ఉన్న దూరంలో సుమారు సగం, ఆ దూరం పిల్లలకి ఎలాగూ తక్కువే. పుల్ల కర్రది కాదు, సన్నటి ప్లాస్టిక్‌ది, వంచితే వంగుతుంది, చివర మెత్తటి బ్రష్ లాగా ఉంటుంది. వీలైతే తీసేవాళ్ళని అడిగి ఒక కొత్త పుల్ల పాప అరచేతి మీద రాయించండి. నేనైతే పిల్లలకి ఒక పుల్ల ఇచ్చేసి బొమ్మకో, నాన్న ముక్కుకో టెస్ట్ చెయ్యమంటాను, లైను పెద్దగా లేని రోజు.

నొప్పి ఉంటుందా అంటే, కోసినట్టు గుచ్చినట్టు ఉండదు. చెరువులో మునిగినప్పుడు ముక్కులోకి నీళ్ళు పోతే ఎలా మండుతుందో అలా ఉంటుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, తుమ్ము వస్తుంది. ఐదు నుంచి పది సెకన్లు. కొన్నిసార్లు గొంతులోంచి కూడా తీస్తారు, అక్కడ పుల్ల పెడితే ఓకరింపు వస్తుంది, అది పిల్లలకి ముక్కు కంటే చికాకు. అందుకే టెస్ట్‌కి అరగంట, ముప్పావుగంట ముందు నుంచి పాలు, అన్నం పెట్టకండి, వాంతి చేసుకుంటారు. పాప నోరు అస్సలు తెరవకపోతే దవడలు పట్టి బలవంతం చెయ్యొద్దని, ముక్కులోంచే తియ్యమని అడగండి. తరచు ముక్కులోంచి రక్తం కారే పిల్లలైతే, దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బు ఉంటే, ముక్కుకి ఆపరేషన్ అయి ఉంటే ముందే చెప్పాలి. తర్వాత చీమిడిలో చిన్న ఎర్ర చార కనబడితే కంగారు పడకండి, పది నిమిషాలైనా కారుతూనే ఉంటే మాత్రం అక్కడే చూపించండి.

ఇప్పుడు మా చిన్నవాడి సంగతి. 2021 మే, రెండో వేవ్. ఆంధ్ర నుంచి వచ్చేవాళ్ళకి ఒడిశాలో పద్నాలుగు రోజుల క్వారంటైన్ పెట్టిన రోజులు, పాతపట్నం వైపు నుంచి మా అమ్మ రావడానికి కూడా లేదు. నాకు పాజిటివ్ వచ్చింది, రెండు రోజులకి వాడికి జ్వరం. నేను గదిలో ఉండిపోవాలి కాబట్టి మా ఆయన వాణ్ణి వేరే సెంటర్‌కి తీసుకెళ్ళారు. వెళ్ళే ముందు గుమ్మం ఇవతల నుంచి నేను వాడితో అన్నాను, "ఏమీ చెయ్యరు నాన్నా, ఊరికే చూస్తారు అంతే". నేను చేసిన తప్పు అదే. రోజూ ఆ పని చేసే దాన్ని, వాడికి ఏం జరగబోతుందో సెకన్లతో సహా తెలిసిన దాన్ని, వాడు నా మాటే నమ్మి నవ్వుకుంటూ వెళ్ళాడు. అక్కడ ఎండలో గంట నిలబెట్టారు. లోపలికెళ్ళాక బల్ల మీద పడుకోబెట్టి ఇద్దరు కాళ్ళూ చేతులూ నొక్కి పట్టుకున్నారట, ముగ్గురికీ తెల్ల పీపీఈ కిట్లు, మొహాలు కనబడవు. వాడు తల అటూ ఇటూ కొట్టుకుంటే పుల్ల ముక్కు మొదట్లోనే తగిలి వచ్చేసింది, చొక్కా గుండీ తెగింది. అంత చేసినా శాంపిల్ సరిపోలేదన్నారు. ఇంటికొచ్చి వాడు నా గది తలుపు దగ్గర నిలబడి "అమ్మా, చూస్తారన్నావు కదా" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. ఆ తర్వాత రెండు మూడు నెలలు చీమిడి తుడవబోయినా చెయ్యి తోసేసేవాడు.

రెండోసారి తియ్యాల్సి వచ్చినప్పుడు మా తోటి సిస్టరు ఒకామె ఇంటికొచ్చింది, ఒరియా ఆమె. వీధి వాకిట్లో దూరంగా నిలబడి ముందు మాస్కు తీసి మొహం చూపించి నవ్వింది, ఆ తర్వాతే కిట్ వేసుకుంది. ఈసారి నేను ఫోన్‌లో వాడికి నిజం చెప్పాను. ముక్కులో పుల్ల పెడతారు, బాగోదు, చిరచిరలాడుతుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది, నువ్వు ఏడవొచ్చు, కానీ తల కదపకూడదు అని. మా ఆయన ఒడిలో కూర్చోబెట్టుకున్నారు. సిస్టరు "కాంద నాహిఁ, కాంద నాహిఁ" (ఏడవకు, ఏడవకు) అంటూనే ఉంది, వాడు "ఒకటి, రెండు" అంటూ ఆరు దాకా వచ్చాడు, ఏడు దగ్గర తుమ్మాడు, పుల్ల అప్పటికే ట్యూబులో ఉంది. కళ్ళు తుడుచుకుని "పది అవ్వలేదుగా" అన్నాడు.

ఈ రెండుసార్లకీ తేడా చెప్పిన మాటలో ఉంది, పట్టుకున్న తీరులో ఉంది. నేను తీసిన పిల్లల్లో కూడా అదే చూశాను, తల్లో తండ్రో ఒడిలో గట్టిగా పట్టుకుంటే ఒక్కసారికే అయిపోతుంది, సగం సగం పట్టుకుంటే రెండోసారి తియ్యాలి, పాపం ఆ రెండోసారే పిల్లకి నరకం. కాబట్టి ఈ పట్టు ఇవాళ రాత్రి ఇంట్లో ఒకసారి ఆటలాగా చేసి చూడండి. చేతులున్న కుర్చీ కాకుండా స్టూలు మీదో బెంచీ మీదో కూర్చోండి. పాప వీపు మీ గుండెకి ఆనాలి, మొహం అవతలి వైపు. పాప కాళ్ళు రెండూ మీ తొడల మధ్య ఇరికించుకోండి. మీ ఎడమ చెయ్యి పాప రెండు చేతుల మీదుగా చుట్టి కౌగిలించినట్టు పట్టుకోవాలి. కుడి అరచెయ్యి నుదుటి మీద పెట్టి తల మీ ఛాతీకి ఆనించి ఉంచాలి. తల మీదే అంతా ఉంది. జాలితో ఆ చెయ్యి వదులు చేసే తల్లులు చాలామంది, ఆ క్షణంలోనే తల తిరుగుతుంది, గీసుకుంటుంది. ఏడాది లోపు బిడ్డనైతే తువ్వాలులో చేతులు లోపలికి పెట్టి చుట్టేసి ఒడిలో పడుకోబెట్టుకుంటే చాలు. మీవారు పాజిటివ్ కాబట్టి మీరే పట్టుకోవాలి, మీకు మాస్కు సరిగ్గా ఉండాలి. ముక్కు నిండా చీమిడి ఉంటే ముందు చీదించండి, చీమిడి ఎక్కువుంటే శాంపిల్ బాగా రాదు. పీపీఈ కిట్ చూసి పాప భయపడుతుంది, ఇంట్లో ముందే ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి "ఇలాంటి చొక్కా వేసుకున్న అత్త వస్తుంది" అని చెప్పి ఉంచండి. బల్ల మీద పడుకోబెట్టమంటే "నేను ఒడిలో పట్టుకుంటానండీ" అని నెమ్మదిగానే గట్టిగా చెప్పండి, ఎవరూ కాదనరు, మాకూ అదే తేలిక.

ఏ టెస్ట్ అన్నది. జ్వరం ఉన్న పిల్లకి యాంటిజెన్‌లో పాజిటివ్ వస్తే అది పాజిటివే, ఇంక ఆర్టీపీసీఆర్ అక్కర్లేదు, పావుగంటలో తేలిపోతుంది. నెగెటివ్ వస్తే నమ్మి ఊరుకోకూడదు, లక్షణాలున్నాయి కాబట్టి ఆర్టీపీసీఆర్‌కి ఇవ్వాలి. కారణం ఏమిటంటే, యాంటిజెన్ టెస్ట్ వైరస్ ప్రొటీన్ ముక్కల్ని పట్టుకుంటుంది, అవి బాగా ఉంటేనే గీత పడుతుంది. ఆర్టీపీసీఆర్‌లో ఉన్న కొంచెం జన్యు పదార్థాన్నీ మళ్ళీ మళ్ళీ రెట్టింపు చేసి చూస్తారు కాబట్టి కొంచెం ఉన్నా దొరుకుతుంది. అందుకే అక్కడే అడగండి, ఒక్కసారి కూర్చోబెట్టినప్పుడే రెండు శాంపిళ్ళూ తీసేస్తారా అని, చాలాచోట్ల తీస్తారు, పాపని మళ్ళీ తీసుకెళ్ళే బాధ తప్పుతుంది. మొదట్లో మా దగ్గర తీసినవి ఐస్ పెట్టెలో బరంపురం వెళ్ళి రావాల్సి వచ్చేది, రోజుల తరబడి చూసేవాళ్ళం, ఇప్పుడు అంత లేదు, అయినా ఒకటి రెండు రోజులు పట్టొచ్చు.

మందుల షాపు కిట్ తప్పేం కాదు. పూణె మైల్యాబ్ వాళ్ళ కోవిసెల్ఫ్‌కి 2021 మేలో అనుమతి వచ్చింది, అప్పుడు ధర 250 రూపాయలు, రెండేళ్ళు దాటిన పిల్లలకి పెద్దవాళ్ళు తీసి చెయ్యొచ్చు. అందులో పుల్ల అంత లోపలికి పెట్టక్కర్లేదు, ముక్కు ముందు భాగంలోనే రెండు వైపులా తిప్పాలి, కాబట్టి పిల్లలు తేలిగ్గానే ఒప్పుకుంటారు. గీత ఎంత పలచగా ఉన్నా కిట్ మీద T అక్షరం దగ్గర పడితే పాజిటివే. రాసిన టైము దాటాక చూసి కంగారు పడొద్దు, ఆలస్యంగా వచ్చే గీతకి అర్థం లేదు. ఇదీ యాంటిజెనే, నెగెటివ్ వస్తే ఇందాక చెప్పిందే. పుక్కిలించి ఉమ్మే టెస్ట్ కూడా ఉంది, నాగపూర్ నీరీ వాళ్ళు ఉప్పునీళ్ళతో చేసింది. మీ బాబు వయసువాళ్ళకి అది బాగుంటుంది, పదిహేను సెకన్లు పుక్కిలించగలగాలి కాబట్టి మూడున్నరేళ్ళ పాపకి కుదరదు, మింగేస్తుంది.

కాగితాల దగ్గర ఒక్కటి జాగ్రత్త. ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, ఆ ఫోన్ చేతిలో ఉండాలి, ఛార్జింగ్ ఉండాలి. పాప పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక చీటీ మీద రాసుకెళ్ళి ఇవ్వండి. మన పేర్లు ఒరియా చెవితో విని ఇంగ్లీషులో రాసేసరికి ఇంకోటి అయిపోతాయి. ఒక కుటుంబంలో తండ్రికీ కొడుక్కీ ఇంటి పేరు, మొదటి అక్షరాలు ఒకటే కావడంతో రిపోర్టు ఒక్కటే వచ్చింది, అది ఎవరిదో తెలియక చంటివాడికి మళ్ళీ తీశారు. ఫారం మీద వయసు సరిగ్గా పడిందో లేదో చూసుకుని, ఎస్సారెఫ్ నంబరు, అంటే ఆ శాంపిల్‌కి ఇచ్చే నంబరు, ఫోటో తీసి పెట్టుకోండి.

పాజిటివ్ వస్తే ఏం చెయ్యాలో కూడా చెప్తాను, రేపు అడుగుతారు ఎలాగూ. పాపని విడిగా పెట్టక్కర్లేదు, పెట్టలేరు కూడా, మీరే దగ్గర ఉండండి. అత్తగారు మాత్రం వేరే గది, లేకపోతే బాబుతో పాటు వసారాలో పడక. 2022 జనవరిలో మారిన నిబంధనల ప్రకారం పాజిటివ్ వచ్చి ఏడు రోజులై, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే ఇంటి ఐసొలేషన్ అయిపోయినట్టే, మళ్ళీ టెస్ట్ అక్కర్లేదు. ఐదేళ్ళ లోపు పిల్లలకి మాస్కు వద్దని 2022 జనవరి 20న కేంద్రం చెప్పింది, కాబట్టి పాపకి బలవంతంగా కట్టకండి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, బరువుని బట్టి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పాప 14 కిలోలు ఉంటే ఒక్కోసారికి 140 నుంచి 210 మిల్లీగ్రాములు. సీసాలు రెండు మూడు రకాలుంటాయి, 5 ఎమ్మెల్‌లో 125 ఉన్నదీ 250 ఉన్నదీ, పేరు ఒకటే కాబట్టి మోసపోవద్దు, లేబుల్ చదివి డాక్టరు గారితో ఎన్ని ఎమ్మెల్ అన్నది ఖాయం చేసుకోండి. ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగు దాటొద్దు. పక్కింటివాళ్ళు చెప్పారని యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మాత్రం వెయ్యకండి. ఆవిరి కూడా పట్టొద్దు, మరిగే గిన్నె ఒలికి కాళ్ళు కాలిన పిల్లల్ని ఈ రెండేళ్ళలో చూశాను, వైరస్‌కి దాని వల్ల ఒరిగేది లేదు. పలచగా చోడి (రాగి) అంబలి, గంజి, ఓఆర్ఎస్, ఏది తాగితే అది కొంచెం కొంచెంగా పట్టండి.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషను కంటే పిల్లల విషయంలో నేను దాన్నే నమ్ముతాను. పాప నిద్రపోతున్నప్పుడు, జ్వరం తగ్గి ఉన్నప్పుడు, పొట్ట మీద గౌను పైకి తీసి ఒక నిమిషం నిండా లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు నిమిషానికి 40 అయినా దాటినా డాక్టరుకి చూపించాలి. ఐదేళ్ళు దాటినవాళ్ళకి 30. ఏడాది లోపు బిడ్డకి 50, రెండు నెలల లోపైతే 60. మిషను పెడితే పిల్లల సన్నటి వేళ్ళకి సరిగ్గా పట్టదు, కాలి బొటనవేలికి పెట్టి చూడండి. పండక్కి గోరింటాకు పెట్టి ఉంటే ఎర్రగా లేని వేలికి పెట్టండి. 94 కంటే తక్కువ చూపిస్తే, పక్కటెముకల కింద గుంటలు పడుతుంటే, తాగడం మానేస్తే, పిలిస్తే పలక్కుండా మగతగా ఉంటే, ఆరేడు గంటలైనా ఉచ్చ పోయకపోతే, ఫిట్స్ వస్తే రిపోర్టు కోసం చూడకండి, 108కి ఫోన్ చేసి బయల్దేరండి. మామూలు అనుమానాలకి 104 ఉంది. అంతా తగ్గిపోయాక రెండు నుంచి ఆరు వారాల లోపు మళ్ళీ గట్టి జ్వరం, కళ్ళు ఎర్రబడటం, ఒంటి మీద దద్దుర్లు, కడుపునొప్పి వస్తే "మొన్న కరోనా వచ్చింది" అని చెప్పి పిల్లల డాక్టరుకి చూపించాలి. అది అరుదు, కానీ ఈ మాట డాక్టరుకి మీరు చెప్తేనే తెలుస్తుంది.

రేపు ఉదయం ఎండ ఎక్కక ముందే వెళ్ళండి. తువ్వాలు, మంచినీళ్ళు, పాపకి ఇష్టమైన బొమ్మ, పేరు రాసిన చీటీ, అత్తగారి ఆధార్ పట్టుకెళ్ళండి. ఇవాళ సాయంత్రం ఆశా దీదీని పిలిచి మలేరియా టెస్ట్ చేయించి, అందులో ఏం వచ్చిందో, రాత్రి జ్వరం ఎంత ఉందో, నిద్రలో ఊపిరి ఎన్ని లెక్క వచ్చిందో ఇక్కడే రాయండి. నాకు రాత్రి డ్యూటీ, పది దాటాక చూస్తాను.